వేగంగా దూసుకెళ్లే ద్రవానికి తట్టుకునే అలాయ్‌ని ఎంచుకోవడం ఎలా?

పంపు ఇంపెల్లర్ అంచులు అరిగిపోయాయి. కంట్రోల్ వాల్వ్ ప్లగ్ గుల్లబారింది. ఎల్బో బయటి వంపులో చిల్లు పడింది. ఇలాంటప్పుడు మీటింగ్‌లో ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట, ‘‘ఈసారి ఇంకాస్త హార్డ్ మెటీరియల్ వేద్దాం’’ అని. అప్పుడప్పుడూ అది పనిచేస్తుంది. చాలాసార్లు మాత్రం ఖర్చు పెరిగి, కొత్త భాగం కూడా పాతదానిలాగే పోతుంది. ఒక్కోసారి అంతకంటే ముందే పెళుసుగా విరిగి కూర్చుంటుంది.

లోహాన్ని కోసేది అన్నిచోట్లా ఒకటే కాదు. ఇసుక రేణువు కావచ్చు, పగిలే ఆవిరి బుడగ కావచ్చు, నీటి చుక్క కావచ్చు, అసలు దెబ్బే వేయకుండా పైపొరను కరిగించి పట్టుకుపోయే వేడినీరు కావచ్చు. ఒకదాని ముందు నిలబడిన అలాయ్ (మిశ్రమ లోహం) ఇంకోదాని ముందు తేలిపోతుంది. అందుకే ఏ అలాయ్ అన్న చర్చను చివరికి పెట్టుకోండి. ముందు చేయాల్సిన పనులు వేరే ఉన్నాయి.

1. పాడైన భాగాన్ని స్క్రాప్‌లో పడేయకండి

భాగం విప్పగానే వైర్ బ్రష్ పెట్టి రుద్దేయడం, గ్రైండర్ పట్టేయడం చాలా చోట్ల అలవాటు. ఆపండి. ముందు ఉన్నదున్నట్టు, పక్కన స్కేలు పెట్టి, లైటు ఏటవాలుగా పడేలా ఫొటోలు తీయండి. ప్రవాహం ఎటు నుంచి ఎటు వెళ్తుందో పెయింట్ మార్కర్‌తో బాణం గీయండి. అరిగిన చెప్పును చూసి మనిషి నడక చెప్పినట్టే, ఈ గాయాలను చూసి కారణం చాలావరకు చెప్పొచ్చు.

ఇసుక కోసిన చోట ప్రవాహం దిశలోనే సాగిన గాడులు, అలల్లాంటి గీతలు ఉంటాయి. బోల్టు తలలు, వెల్డ్ పూసల వెనక తోకచుక్క ఆకారంలో గుంటలు కనిపిస్తాయి. ఉపరితలం తడిమితే నున్నగానే ఉంటుంది. కేవిటేషన్, అంటే ఆవిరి బుడగలు పగిలి చేసే గాయం, దీనికి పూర్తిగా వ్యతిరేకం. స్పాంజిలా, తేనెతుట్టెలా గుల్లబారి ఉంటుంది, వేలు పెడితే గరగరలాడుతుంది, గుంటలకు ప్రవాహ దిశతో సంబంధం ఉండదు. పైగా గాయం తక్కువ పీడనం ఉన్నచోట కాకుండా, పీడనం మళ్లీ పుంజుకుని బుడగలు పగిలే చోట, అంటే ప్రవాహ దిశలో కొంచెం ముందుకు, ఉంటుంది. ఈ చిన్న విషయం తెలియక గాయాన్ని ఒకచోట, కారణాన్ని మరోచోట వెతుకుతారు.

కంట్రోల్ వాల్వ్‌లో మెరిసేలా పాలిష్ పట్టినట్టు అరిగితే ఫ్లాషింగ్‌ని అనుమానించండి. అక్కడ ద్రవం ఆవిరిగా మారి, తిరిగి ద్రవం కాకుండానే బయటికి దూసుకుపోతుంది. సీటు (ప్లగ్ వచ్చి ఆనే చోటు) మీద కత్తితో గీసినట్టు సన్నని అడ్డగాట్లుంటే వాల్వ్ మూసినప్పుడు లీకవుతోంది, లేదా దాన్ని ఎప్పుడూ ఒకటి రెండు శాతం తెరిచి నడుపుతున్నారు. దీనికి ఏ అలాయ్ వేసినా కొంతకాలమే. నడిపే పద్ధతి మార్చాలి, లేకపోతే వాల్వ్ సైజు తగ్గించాలి.

వేడినీటి కార్బన్ స్టీల్ పైపులో లోపలి గోడ నారింజ తొక్కలా సన్నని గుంటలతో, లేదా తడి ఆవిరి అయితే పులిచారల్లా కనిపిస్తే, అది ప్రవాహం వల్ల వేగం పుంజుకున్న తుప్పు. రాగి అలాయ్ ట్యూబుల్లో గుర్రపు డెక్క ఆకారపు గుంటలుంటే రక్షణ పొర ఊడిపోయిందని అర్థం.

రెండు మూడు కలిసి ఉన్న కేసులే ఎక్కువ. అప్పుడు ఏది పెద్దదో తేల్చుకోండి. తేలకపోతే అడ్డంగా కోసి మెటలర్జీ ల్యాబ్‌కు పంపడం, గుడ్డిగా ఖరీదైన భాగం ఆర్డరివ్వడం కంటే ఎంతో చవక.

2. దెబ్బ తగిలే చోట వేగం ఎంతో లెక్క వేయండి

డేటాషీట్‌లో లైన్ వేగం సెకనుకు రెండున్నర మీటర్లు అని ఉంటుంది. దాన్ని చూసి నిశ్చింతగా ఉండకండి. మీకు కావాల్సింది ట్రిమ్ (వాల్వ్ లోపల ప్రవాహాన్ని అదుపు చేసే భాగాలు) సందులో, ఇంపెల్లర్ అంచున, నాజిల్ గొంతులో ఉన్న వేగం.

వాల్వ్‌లో ఒకే మెట్టులో 50 బార్ పీడనం పడిపోతోందనుకుందాం. 50 బార్ అంటే 50 లక్షల పాస్కల్. దాన్ని రెట్టింపు చేస్తే కోటి. నీటి సాంద్రత 1,000తో భాగిస్తే 10,000. వర్గమూలం తీస్తే 100. అంటే పైపులో తాపీగా నడిచే నీరు ఆ సందులో సుమారు సెకనుకు 100 మీటర్ల వేగంతో దూసుకెళ్తోంది.

ఇప్పుడు ఆ వేగం ఎంత చేటు చేస్తుందో చూడండి. ఇసుక కోత వేగానికి రెండు నుంచి మూడో ఘాతం చొప్పున పెరుగుతుంది. చమురు, గ్యాస్ రంగంలో వాడే డీఎన్‌వీ సంస్థ ఓ501 మార్గదర్శి స్టీల్‌కు ఈ ఘాతాన్ని 2.6గా తీసుకుంటుంది. వేగం రెట్టింపైతే కోత ఆరింతలు. నీటి చుక్కలు, కేవిటేషన్ విషయంలో ఈ ఘాతం ఇంకా ఎక్కువ, ఐదు దగ్గరికి, కొన్నిసార్లు పైకి వెళ్తుంది. రెట్టింపు వేగానికి ముప్పైరెండు రెట్లు!

దీని అర్థం ఏమిటంటే, అలాయ్ మార్చడం కన్నా వేగం తగ్గించడం చాలాసార్లు బలమైన మందు. పైన చెప్పిన 50 బార్‌ను నాలుగు సమాన మెట్లుగా విడగొట్టే మల్టీస్టేజ్ ట్రిమ్ పెడితే ఒక్కో మెట్టుకు 12.5 బార్, వేగం 50 మీటర్లు. అలాగే ఇసుకతో వచ్చే గ్యాస్ లైన్‌ను లోపలి వ్యాసం 100 మి.మీ. నుంచి 150 మి.మీ.కు పెంచితే, సెకనుకు 18 మీటర్ల వేగం 8కి దిగుతుంది, ఒక్కో రేణువు చేసే కోత ఎనిమిది రెట్లకు పైగా తగ్గుతుంది. కార్బన్ స్టీల్ తీసి 316 స్టెయిన్‌లెస్ వేస్తే ఇసుక విషయంలో ఇలాంటి తేడా కలలో కూడా రాదు. అదే డీఎన్‌వీ పద్ధతిలో స్టీల్ గ్రేడులన్నింటికీ ఒకే స్థిరాంకం వాడతారంటే మీరే ఊహించుకోండి.

ఒక హెచ్చరిక. వేగపు హద్దు కోసం చాలామంది అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) వారి 14ఈ సూత్రం పట్టుకుంటారు. సాంద్రత వర్గమూలంతో స్థిరాంకాన్ని భాగించే ఆ సూత్రంలో ఇసుక పరిమాణం, రేణువు సైజు, లోహం రకం ఏవీ లేవు. ఇసుక ఉన్నచోట దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

3. ద్రవంలో ఏముందో ల్యాబ్‌ను అడగండి

ఘనపదార్థం ఎంత శాతం, రేణువుల సైజు, కోణాలున్నాయా గుండ్రంగా ఉన్నాయా, ఏ ఖనిజం, పీహెచ్, క్లోరైడ్, కరిగిన ఆక్సిజన్, హైడ్రోజన్ సల్ఫైడ్, ఉష్ణోగ్రత. ఇవన్నీ ఒక కాగితం మీద ఉండాలి. సాధారణ రోజుల లెక్కే కాదు, స్టార్టప్‌లో, వరద రోజుల్లో, ప్రాసెస్ అటూ ఇటూ అయినప్పుడు వచ్చే అంకెలు కూడా కావాలి. నాలుగు రోజుల అల్లకల్లోలం ఏడాది కోతను చేసి పెట్టగలదు.

ఖనిజం ఎందుకంటే, రేణువు కాఠిన్యం మీ లోహం కాఠిన్యాన్ని మించితే కోత ఒక్కసారిగా ఎక్కువవుతుంది. క్వార్ట్జ్ ఇసుక వికర్స్ కొలతలో 1,000 నుంచి 1,200 ఉంటుంది. మైల్డ్ స్టీల్ 150 లోపు, కోబాల్ట్ ఆధారిత అలాయ్ స్టెలైట్ 6 దాదాపు 400, బాగా హార్డెన్ చేసిన 440సీ స్టెయిన్‌లెస్ 700 దగ్గర. అంటే ఇసుక ముందు వీటన్నిటిదీ మెత్తటి వర్గమే. సింటర్ చేసిన టంగ్‌స్టన్ కార్బైడ్ మాత్రం 1,300 పైన ఉంటుంది. తేడా అక్కడి నుంచి మొదలవుతుంది.

4. రేణువు ఏ కోణంలో తగులుతోంది?

సాగే గుణమున్న లోహాలు 15 నుంచి 30 డిగ్రీల ఏటవాలు దెబ్బకు ఎక్కువగా కోసుకుపోతాయి. ఉలి చెక్కినట్టు రేణువు పైపొరను లేపేస్తుంది. పెళుసు పదార్థాలు నిటారుగా, 90 డిగ్రీల దెబ్బకు బీటలు వారి రాలిపోతాయి. నేరుగా పైపు గోడ వెంట జారే ఇసుకకు గట్టి పదార్థం నప్పుతుంది. టీ-జాయింట్ ఎదురు గోడకు, ఇంపెల్లర్ ముందంచుకు, నిటారు దెబ్బ పడే చోట కాస్త సాగే గుణం, దృఢత్వం కావాలి.

చాలామందికి నమ్మబుద్ధి కాని సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. అదే స్టీల్‌ను క్వెంచ్, టెంపర్ చేసి (కాల్చి చల్లార్చి, మళ్లీ కాస్త వేడిచేసి) కాఠిన్యం రెట్టింపు చేసినా, గాల్లో ఎగిరొచ్చి తగిలే రేణువుల కోతలో లాభం నామమాత్రమే. జారుతూ రాసుకునే అరుగుదలకు హీట్ ట్రీట్‌మెంట్ పనికొస్తుంది, దెబ్బకు అంతగా పనికిరాదు. కాఠిన్యం హీట్ ట్రీట్‌మెంట్ వల్ల కాకుండా పదార్థంలోని కార్బైడ్‌ల వల్ల రావాలి.

5. ఇప్పుడు అలాయ్ దగ్గరికి రండి

*ఇసుక, స్లర్రీ (రేణువులు కలిసిన ద్రవం).* ముతక రేణువులు, తటస్థ నీరు, మోస్తరు వేగం అయితే స్లర్రీ పంపులకు 27 శాతం క్రోమియం ఉన్న వైట్ ఐరన్ తిరుగులేని ఎంపిక. ఏఎస్‌టీఎం ఏ532 ప్రమాణంలో క్లాస్ 3గా దొరుకుతుంది. దాని మాతృకలో (ఆధార లోహంలో) ఇమిడిన క్రోమియం కార్బైడ్‌లు ఇసుక కన్నా గట్టివి. కానీ దాన్ని వెల్డ్ చేయడం దాదాపు అసాధ్యం, డ్రిల్లింగ్ నరకం, పీహెచ్ 4కు దిగితే కార్బైడ్‌ల చుట్టూ ఉన్న లోహం తుప్పుపట్టి కార్బైడ్‌లే ఊడిపోతాయి. ఆమ్ల స్లర్రీకి డ్యూప్లెక్స్ స్టెయిన్‌లెస్ వైపు వెళ్లాలి, కోతలో కొంత నష్టపోవాలి. రేణువులు సన్నగా, వేగం తక్కువగా ఉంటే ఏ అలాయ్ కన్నా రబ్బరు లైనింగ్ ఎక్కువకాలం వస్తుంది. అలాయ్‌ల వ్యాసంలో రబ్బరు మాటేంటి అనుకోకండి, పని జరగడం ముఖ్యం.

చోక్ వాల్వ్ లాంటి చోట, వందల మీటర్ల వేగంతో ఇసుక కొట్టే చోట, పూర్తిగా టంగ్‌స్టన్ కార్బైడ్‌తో చేసిన ముక్కే వేయాలి. కొనేటప్పుడు బైండర్ (కార్బైడ్ గింజలను పట్టి ఉంచే లోహం) ఏమిటో తప్పక అడగండి. మామూలు కోబాల్ట్ బైండర్ ఆమ్ల నీటిలో, సముద్రపు నీటిలో కరిగిపోతుంది, కార్బైడ్ గింజలు నిలువ నీడలేక రాలిపోతాయి. నికెల్ లేదా నికెల్-క్రోమియం బైండర్ రాయించుకోండి. లైన్‌లో మర్చిపోయిన నట్టు ఒకటి వచ్చి తగిలినా కార్బైడ్ పగులుతుంది కాబట్టి ముందు స్ట్రెయినర్ పెట్టండి.

స్టెలైట్ పేరు వినగానే కోతకు సర్వరోగ నివారిణి అనుకుంటారు. ఇసుక రేణువుల దెబ్బ విషయంలో మంచి స్టెయిన్‌లెస్‌తో పోలిస్తే దానిది పెద్ద ఆధిక్యం కాదు.

*కేవిటేషన్, నీటి చుక్కలు.* స్టెలైట్ అసలు సత్తా ఇక్కడ కనిపిస్తుంది. కోబాల్ట్ అలాయ్ మీద బుడగ పగిలిన ప్రతిసారీ ఆ ఒత్తిడికి స్ఫటిక నిర్మాణం ఒక రూపం నుంచి మరో రూపానికి మారుతుంది. దెబ్బ శక్తిలో కొంత ఆ మార్పులోనే ఖర్చయిపోతుంది, పైపొర మరింత గట్టిపడుతుంది. అందుకే దాదాపు 28 శాతం క్రోమియం, నాలుగైదు శాతం టంగ్‌స్టన్ ఉన్న స్టెలైట్ 6, కార్బన్ తక్కువగా ఉండి మాలిబ్డినం కలిపిన స్టెలైట్ 21, రెండూ 316 కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ తట్టుకుంటాయి. స్టీమ్ టర్బైన్ ఆఖరి వరస బ్లేడ్ల ముందంచుకు స్టెలైట్ పట్టీలు బ్రేజ్ చేసేది ఈ కారణంగానే. ఆ వరసలో బ్లేడ్ కొసలు తడి ఆవిరిలోని చుక్కలను అతివేగంతో ఢీకొంటాయి.

మొత్తం ఇంపెల్లర్, టర్బైన్ రన్నర్ అంతా కోబాల్ట్‌తో పోయలేం కదా. 13 శాతం క్రోమియం, 4 శాతం నికెల్ ఉన్న సీఏ6ఎన్‌ఎం కాస్టింగ్ ఆ స్థానంలో బాగా నిలదొక్కుకుంది. బలం, దృఢత్వం, వెల్డింగ్‌కు లొంగే గుణం మూడూ ఉన్నాయి. గుల్లబారే చోట్ల మాత్రమే దాని మీద కేవిటేషన్‌కు తట్టుకునే ఓవర్‌లే (వెల్డింగ్‌తో వేసే పైపొర) వేసుకోవచ్చు.

అణు విద్యుత్ కేంద్రాల్లో మాత్రం కోబాల్ట్‌తో చిక్కు ఉంది. అరిగిన కణాలు రియాక్టర్‌లోకి చేరితే కోబాల్ట్-60గా మారి రేడియేషన్ పెంచుతాయి. అక్కడ కోబాల్ట్ లేని ఇనుము ఆధారిత హార్డ్‌ఫేసింగ్‌లు (గట్టి పైపొరలు) వెతకాలి.

*వేడినీరు, తడి ఆవిరి.* ఇక్కడ కాఠిన్యానికి ఏ విలువా లేదు, ఖరీదైన అలాయ్ కూడా అక్కర్లేదు. కార్బన్ స్టీల్ మీద ఏర్పడే మాగ్నటైట్ (ఐరన్ ఆక్సైడ్) రక్షణ పొరను వేగంగా పారే, ఆక్సిజన్ తక్కువ ఉన్న నీరు కరిగించి పట్టుకుపోతుంటుంది. 130 నుంచి 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇది ఉద్ధృతంగా ఉంటుంది. ఒక శాతం పైన క్రోమియం ఉంటే చాలు, సమస్య దాదాపు పోతుంది. 1.25 శాతం క్రోమియం ఉన్న పీ11, 2.25 శాతం ఉన్న పీ22 పైపులు ఇందుకే. ఫ్లాషింగ్ వచ్చే వాల్వ్ బాడీకి డబ్ల్యూసీబీ (కార్బన్ స్టీల్) బదులు క్రోమియం ఉన్న డబ్ల్యూసీ9 కాస్టింగ్ అడగడంలోని కిటుకూ ఇదే. అమెరికాలోని సర్రీ అణు కేంద్రంలో 1986 డిసెంబర్‌లో ఇలా పలుచబడ్డ ఎల్బో పగిలి నలుగురు చనిపోయారు. ఆ పైపులో ఇసుకా లేదు, బుడగలూ లేవు. మామూలు శుభ్రమైన నీరే.

*సముద్రపు నీరు.* రాగి-నికెల్ 90/10 పైపును సెకనుకు సుమారు 3.5 మీటర్లకు మించి నడపకండి, సన్న ట్యూబుల్లో అంతకన్నా తక్కువే. ఇంపెల్లర్లకు, ప్రొపెల్లర్లకు నికెల్-అల్యూమినియం బ్రాంజ్ పాత నమ్మకస్తుడు. ఇంకా వేగం కావాలంటే సూపర్ డ్యూప్లెక్స్ 2507, లేదా టైటానియం. ఇసుకలేని సముద్రపు నీటిలో టైటానియం సెకనుకు 30 మీటర్ల వేగాన్నీ లెక్కచేయదు. ఇసుక కలిస్తే ఆ హద్దు బాగా దిగిపోతుంది. 316 విషయం విచిత్రం. నీరు పరుగెడుతున్నంతసేపూ బాగానే ఉంటుంది, పంపు ఆపి నీరు నిల్వ ఉంచితే గుంటలు పడుతుంది. స్టాండ్‌బై పంపుకు అది వేసి చేతులు కాల్చుకోవద్దు.

హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్న లైన్లో ఏ అలాయ్ అనుకున్నా ముందు ఇలాంటి లైన్ల లోహాలకు సంబంధించిన ఐఎస్ఓ 15156 ప్రమాణం తెరవండి. కార్బన్, లో అలాయ్ స్టీళ్లకు కాఠిన్యం రాక్‌వెల్ సి కొలతలో 22కు మించకూడదన్న హద్దు ఉంది. కోత తగ్గిద్దామని కాఠిన్యం పెంచితే పగుళ్లు వస్తాయి.

6. ముక్కంతా ఆ అలాయేనా, పైపొరేనా?

చిన్న భాగమైతే మొత్తం ముక్క అదే అలాయ్‌తో తీసుకోవడం నయం. పెద్దదైతే వెల్డ్ ఓవర్‌లే, లేదా అతివేగపు జ్వాలతో పొడిని చల్లే హెచ్‌వీఓఎఫ్ స్ప్రే. టంగ్‌స్టన్ కార్బైడ్‌తో పాటు 10 శాతం కోబాల్ట్, 4 శాతం క్రోమియం ఉన్న పొడిని స్ప్రే చేస్తే 0.2 నుంచి 0.4 మి.మీ. పూత వస్తుంది. ఇసుకకు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అయితే స్ప్రే గన్‌కు కనిపించే చోటే పడుతుంది, మూసి ఉన్న ఇంపెల్లర్ లోపలి దారుల్లోకి చేరదు. తీవ్రమైన కేవిటేషన్‌లో ఇలాంటి పూతలు పొరలు పొరలుగా లేచిపోతాయి, అక్కడ వెల్డ్ ఓవర్‌లేనే నమ్మండి.

ఓవర్‌లే వేయించేటప్పుడు గట్టిగా పట్టుకోవాల్సింది డైల్యూషన్. కింది స్టీల్‌లోని ఇనుము కరిగి పైపొరలో కలిసిపోతే మీరు డబ్బులిచ్చింది స్టెలైట్‌కు, వచ్చింది ఇంకేదో. ప్లాస్మా ఆర్క్‌తో వేసే పీటీఏ పద్ధతిలో ఇది తక్కువ, మామూలు ఆర్క్‌లో చాలా ఎక్కువ. రెండు లేయర్లు వేయమనండి. మెషినింగ్ అయ్యాక మిగలాల్సిన మందం ఎంతో, ఆ పైపొరలో ఇనుము ఎంత శాతానికి మించకూడదో ఆర్డర్‌లోనే రాసి, లోహంలో ఏముందో చూపే పీఎంఐ గన్‌తో మీ ముందే చూపించమనండి. రంగు ద్రవంతో పగుళ్లు చూపే డై పెనిట్రెంట్ పరీక్షలో చిన్న పగుళ్లు కనిపిస్తే ప్రీహీట్ సరిగ్గా చేయలేదని అనుమానించాలి.

7. సప్లయర్ గ్రాఫ్‌ను అనుమానంతో చదవండి

బరువు నష్టం ఇంత తక్కువ అని గ్రాఫ్ చూపిస్తే, సాంద్రతతో భాగించి చూడండి. టైటానియం 45 మి.గ్రా., స్టీల్ 78 మి.గ్రా., టంగ్‌స్టన్ కార్బైడ్ 145 మి.గ్రా. పోగొట్టుకున్నాయంటే మూడింటి నుంచీ పోయింది అటూ ఇటూగా 10 ఘన మి.మీ. పదార్థమే. గోడ పలుచబడేది ఘనపరిమాణం లెక్కనే.

పరీక్ష ఏ షరతుల్లో జరిగిందో కూడా అడగండి. ఏఎస్‌టీఎం జీ76 ప్రామాణిక పరీక్షలో 50 మైక్రాన్ల అల్యూమినా రేణువులను సెకనుకు 30 మీటర్ల వేగంతో, 90 డిగ్రీల కోణంలో కొడతారు. మీ వాల్వ్‌లో 20 డిగ్రీల కోణంలో క్వార్ట్జ్ తగులుతుంటే ఆ ర్యాంకింగ్ తలకిందులు కావచ్చు. కేవిటేషన్‌కు వాడే జీ32 పరీక్ష శుభ్రమైన నీటిలో 20 కిలోహెర్ట్జ్ కంపనంతో జరుగుతుంది, మీ ఉప్పునీటిలోని తుప్పు అందులో కనిపించదు. కోత, తుప్పు కలిస్తే వచ్చే నష్టం రెండింటి మొత్తం కన్నా ఎక్కువ కావచ్చు. వీలైతే మీ ద్రవంతోనే, మీ కోణంలోనే పరీక్ష చేయించండి. అంతకన్నా మంచిది, రెండు మూడు అలాయ్‌ల కూపన్లు (చిన్న నమూనా ముక్కలు) మీ లైన్‌లోనే కొన్ని నెలలు ఉంచి తూచడం.

8. బిగించిన రోజే కొలవండి

కొత్త భాగం బిగించిన రోజే అల్ట్రాసోనిక్‌తో మందం కొలిచి, ఏ బిందువు దగ్గర కొలిచారో గుర్తు పెట్టండి. ఆ మొదటి అంకె లేకపోతే ఏడాది తర్వాత వచ్చే అంకెకు అర్థమే ఉండదు. మొదటి కొలత త్వరగా, మిగతావి కోత రేటును బట్టి. ఎల్బో బయటి వంపు, టీ ఎదురు గోడ, ఆరిఫిస్ (ప్రవాహాన్ని ఇరుకు చేసే చిల్లు పలక) దాటిన వెంటనే ఉన్న ముక్క, రెడ్యూసర్ తర్వాతి ముక్క జాబితాలో కచ్చితంగా ఉండాలి. జపాన్‌లోని మిహామా అణు కేంద్రం మూడో యూనిట్‌లో 2004 ఆగస్టులో పగిలిన పైపు ఆరిఫిస్ దాటిన చోటే ఉంది. 10 మి.మీ. గోడ కొన్నిచోట్ల 2 మి.మీ. లోపుకు పలుచబడింది, ఐదుగురు చనిపోయారు. 1976లో ఆ యూనిట్ మొదలైనప్పటి నుంచి ఆ బిందువును ఎవరూ కొలవలేదు, తనిఖీ జాబితాలోంచి అది జారిపోయింది. మీ జాబితాను కంప్యూటర్‌లో చూసి సరిపెట్టుకోకుండా, డ్రాయింగ్ చేతబట్టుకుని లైన్ వెంట ఒకసారి నడిచి సరిచూడండి.